మూడో గంటకు తెలిసే హెడ్‌ఫోన్

షాపులో హెడ్‌ఫోన్ పెట్టుకుని చూసేది మహా అయితే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఏది గట్టిగా దరువేస్తే అదే బాగున్నట్టు అనిపిస్తుంది. అసలు సంగతి ఇంటికి తెచ్చుకున్నాక, ఆన్‌లైన్ క్లాసో ఆఫీసు మీటింగో మూడో గంటలో పడ్డాక బయటపడుతుంది. నడినెత్తిన ఒక్కచోట సలుపు. కళ్లజోడు కాడ నొక్కుకున్నచోట నొప్పి. చెవుల చుట్టూ చెమట. అప్పుడు లోపల ఎంత కమ్మటి పాట మోగుతున్నా చెయ్యి తనంతట తానే హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేస్తుంది.

కొనబోయేవాళ్లను ఎక్కువగా వేధించే అనుమానం మాత్రం వేరు. దీనికి శబ్దం పెంచే యాంప్లిఫయర్ (యాంప్) కావాలా, ఉత్త ఫోనుకు తగిలిస్తే సరిపోతుందా అని. ఐదు వేలు పెట్టి హెడ్‌ఫోన్ కొన్నాక దాన్ని మోగించడానికి ఇంకో ఐదు వేలు పెట్టాలేమోనన్న టెన్షన్‌తో కొందరు ఆగిపోతారు. ఇంకొందరు అవసరం లేకపోయినా యాంప్ కొనేస్తారు. నిజానికి సౌకర్యం, యాంప్ అనే ఈ రెంటిలో యాంప్ సంగతి చిన్న కూడికతో తేలిపోతుంది. తలకు పడుతుందా లేదా అన్నదే ఏ లెక్కకూ అందదు. కాబట్టి ముందు లెక్క తేల్చేసుకుని, డబ్బూ ఓపికా రెండోదాని మీద పెట్టడం లాభం.

ఓమ్ ఒక్కటే చూస్తే

డబ్బా వెనక సన్న అక్షరాల్లో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఇంపీడెన్స్, అంటే కరెంటుకు హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు. దాన్ని ఓమ్‌లలో చెబుతారు. రెండోది సెన్సిటివిటీ, అంటే ఇంత ఇస్తే ఎంత గట్టిగా మోగుతుందన్నది. అది డెసిబెల్స్‌లో ఉంటుంది. 32 ఓమ్‌లైతే ఫోను చాలు, 80 దాటితే యాంప్ తప్పదు అన్న మాట జనంలో బాగా నాటుకుపోయింది. అది సగమే నిజం. రెండో అంకె చూడకుండా మొదటిదాన్ని నమ్ముకుంటే బోల్తా పడే వీలు ఎక్కువ.

చిక్కెక్కడంటే, సెన్సిటివిటీని కంపెనీలు రెండు కొలతల్లో చెబుతాయి. కొన్ని ఒక మిల్లీవాట్ పవర్‌కు ఇన్ని డెసిబెల్స్ అంటాయి, కొన్ని ఒక వోల్టుకు ఇన్ని అంటాయి. ఒకరు శేర్లలో, ఇంకొకరు కిలోల్లో ధర చెప్పినట్టు, అంకెలు పక్కపక్కన పెడితే పోలిక కుదరదు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లకు ఉండే హద్దు ముఖ్యంగా వోల్టుల్లో ఉంటుంది. వాల్యూమ్ చివరిదాకా పెంచితే ఇంత వస్తుంది, అంతకుమించి రాదు. అందుకని పోల్చేటప్పుడు అన్నిటినీ వోల్టు లెక్కలోకి తెచ్చుకోవాలి. మిల్లీవాట్ లెక్కలో ఇచ్చిన అంకెకు, 16 ఓమ్‌ల హెడ్‌ఫోనైతే 18 కలిపితే సరి. 32 అయితే 15, 64 అయితే 12, 120 అయితే 9, 250 అయితే 6, 300 అయితే 5. అంతే, ఇంతకు మించిన గణితం అక్కర్లేదు.

ఒక అసలైన వస్తువు మీద ఈ లెక్క వేసి చూడొచ్చు. జర్మనీ కంపెనీ బేయర్‌డైనమిక్ తీసుకొచ్చిన డీటీ 770 ప్రో స్టూడియోల్లో బాగా పేరున్న హెడ్‌ఫోన్. ఇది 32, 80, 250 ఓమ్‌లని మూడు రకాల్లో వచ్చింది. మూడింటికీ కంపెనీ చెప్పిన సెన్సిటివిటీ ఒకటే, మిల్లీవాట్‌కు 96 డెసిబెల్స్. వోల్టు లెక్కలోకి మార్చేసరికి అవి 111, 107, 102 అవుతాయి. అంటే అదే ఫోను, అదే వాల్యూమ్‌లో 250 ఓమ్‌లది 32 ఓమ్‌లదాని కంటే 9 డెసిబెల్స్ నెమ్మదిగా మోగుతుంది. ఇక్కడిదాకా ఓమ్ మాటే నెగ్గింది.

ఇప్పుడు సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ సంగతి. దాని ఇంపీడెన్స్ 120 ఓమ్‌లు. ఆ అంకె చూసి యాంప్ లేకుండా కుదరదని పక్కన పెట్టేసేవాళ్లు ఉంటారు. కానీ కంపెనీ చెప్పిన ప్రకారం ఒక వోల్టుకు అది 110 డెసిబెల్స్ ఇస్తుంది. 32 ఓమ్‌ల 770తో పోలిస్తే తేడా ఒక్క డెసిబెల్. చెవికి అది ఆనను కూడా ఆనదు. ఇంకోవైపు హైఫైమ్యాన్ హెచ్‌ఈ 400ఎస్‌ఈ ఉంది, పల్చటి పొర మొత్తం కదిలే ప్లేనార్ రకం. డబ్బా మీద 32 ఓమ్‌లే, చూడ్డానికి ఫోనుకు అచ్చంగా సరిపోయేదే. సెన్సిటివిటీ మాత్రం 91. పదిహేను కలిపితే 106. అంటే 120 ఓమ్‌లదాని కంటే 32 ఓమ్‌లదే 4 డెసిబెల్స్ వెనకబడింది. పైగా ఒక వోల్టు దగ్గర అది దాదాపు 31 మిల్లీయాంప్‌ల కరెంటు లాగుతుంది, 120 ఓమ్‌లదానికి 8 చాలు. అంత కరెంటు ఇవ్వలేని నాసిరకం జాక్‌కు తగిలిస్తే వాల్యూమ్ పెంచగానే శబ్దం గీరుకుపోతుంది. ఓమ్ తక్కువ ఉంటే మంచిదే అన్న సూత్రం ఇక్కడ తలకిందులైంది.

సరే, వోల్టుకు ఎంతుంటే చాలు? ఎక్కువసేపు హాయిగా వినే సగటు స్థాయి 70, 75 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. పాటలో ఉన్నట్టుండి లేచే శబ్దాలు, మృదంగం మీద ఒక్క దెబ్బ, డోలు ముక్తాయింపు లాంటివి, ఆ సగటు మీద 15 నుంచి 20 డెసిబెల్స్ దాకా ఎగురుతాయి. అంటే 95 దగ్గర కూడా శబ్దం చెదరకుండా రావాలి. మూడున్నర మిల్లీమీటర్ల జాక్ లేని ఫోన్లకు వాడే యాపిల్ టైప్-సి డాంగిల్‌ను తీసుకుంటే, అమెరికాలో అమ్మే రకం ఒక వోల్టు దాకా ఇస్తుంది. దానికి 250 ఓమ్‌ల 770 తగిలించినా 102 డెసిబెల్స్ వస్తాయి, ఇంకా 7 మిగులు. అదే డాంగిల్ యూరప్ రకం సగం వోల్టే ఇస్తుంది. సగం వోల్టు అంటే 6 డెసిబెల్స్ కోత, అప్పుడు 96 దగ్గర ఆగిపోతుంది. అంచు మీద నడక. అదీగాక యాపిల్ డాంగిల్‌ను కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు పెడితే వాల్యూమ్ మొదటినుంచీ తక్కువగానే ఉండిపోతుంది. అది హెడ్‌ఫోన్ తప్పు కాదు, ఫోనూ డాంగిలూ మాట్లాడుకోవడంలో వచ్చిన తిరకాసు. ఇది తెలియక యాంప్ కొన్నవాళ్లు తక్కువేమీ కాదు.

ఇందులో వినేదేమిటన్నది కూడా కలపాలి. ఇప్పటి సినిమా పాటలను మొదటి అక్షరం నుంచి చివరిదాకా గట్టిగా ఉండేలా నొక్కిపెట్టి తయారుచేస్తారు కాబట్టి వాటికి బలహీనమైన ఫోనైనా చాలు. పాత కచేరీ టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించినవి, ఎవరో దూరంనుంచి ఫోనులో తీసిన ఉపన్యాసం, మైకు సరిగా లేని రికార్డెడ్ క్లాసు... ఇవి సినిమా పాట కంటే 10 డెసిబెల్స్ తక్కువలో ఉండడం మామూలే. సినిమా పాటలో సగం వాల్యూమ్‌కే చెవులు దిమ్మెత్తించిన హెడ్‌ఫోన్ ఇక్కడికొచ్చేసరికి నూటికి నూరు పెట్టినా గొణుగుతుంది.

కాబట్టి మోటుగా చెప్పుకుంటే, వోల్టు లెక్కలో 105 దాటిన హెడ్‌ఫోన్‌కు యాంప్ గురించి ఆలోచించనవసరం లేదు. 100కూ 105కూ మధ్య ఉంటే వినేవాటిలో అన్నిటికన్నా నెమ్మదిగా ఉన్న రికార్డింగ్ పెట్టి చూసుకోవాలి. 100 కంటే తక్కువైతే ఫోనుతో వినేవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే నయం. ఐదు వేల లోపు వచ్చే హెడ్‌ఫోన్లలో అత్యధికం మొదటి గుంపులోనే ఉంటాయి.

యాంప్ చేయనివి

యాంప్ పెడితే శబ్దం తియ్యగా మారుతుందనీ, గొంతులు విడివిడిగా వినిపిస్తాయనీ చెబుతుంటారు. తేలిగ్గా మోగే హెడ్‌ఫోన్‌కు యాంప్ పెట్టినప్పుడు ఎక్కువగా జరిగేది వాల్యూమ్ ఒకటి రెండు డెసిబెల్స్ పెరగడం. కొంచెం గట్టిగా వినిపించినదాన్ని బాగున్నదని అనుకోవడం చెవి నైజం. షాపులో మోసపోవడానికీ అదే కారణం.

ఇళ్లలో కనిపించే ఇంకో సమస్యకు కూడా యాంప్ మందు కాదు. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు హెడ్‌ఫోన్‌లో సన్నగా గుయ్ మనడం, ఛార్జర్ పిన్ తీసేస్తే ఆగిపోవడం. గోడ ప్లగ్గులో ఎర్త్ సరిగా లేకపోయినా, రెండు పిన్నుల ఛార్జర్ వాడినా ఇలా రావచ్చు. డెస్క్‌టాప్ ముందువైపు జాక్‌లోనైతే మౌస్ కదిపినప్పుడల్లా గీగీ మనే శబ్దం చాలామందికి పరిచయమే. ఆ జాక్ నుంచే సౌండ్ తీసుకుని యాంప్‌కు ఇస్తే గుయ్ మనేది కూడా పెద్దదవుతుంది. దానికి కావలసింది ఆ జాక్‌ను వదిలిపెట్టి యూఎస్‌బీ నుంచి నేరుగా సౌండ్ తీసుకునే చిన్న డాంగిల్. వెయ్యి రూపాయల దగ్గర దొరికే డాంగిల్ చాలాసార్లు ఈ గొడవ తీర్చేస్తుంది. ఆ మాటకొస్తే డాంగిల్‌లో ఉన్నదీ ఒక బుల్లి యాంపే, దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, అంతే. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లోనూ కంపెనీవాళ్లు తమ డ్రైవర్‌కు, అంటే శబ్దం పుట్టించే భాగానికి, సరిపోయే యాంప్‌ను లోపలే పెట్టి ఇస్తారు. వాటి డబ్బాల మీద ఓమ్‌లు చూసి చేసేదేమీ లేదు.

తల, దిద్దులు, కొబ్బరినూనె

ఇక రెండో ప్రశ్న. అసలు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ.

ముందు బరువు. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చేనాటికి హెడ్‌ఫోన్లు 300, 400 గ్రాములు తూగేవి. నడుస్తూ వినే యంత్రానికి అంత బరువు పనికిరాదని దానితోపాటు సుమారు 50 గ్రాముల, స్పాంజి ముక్కల హెడ్‌ఫోన్ ఇచ్చారు. ఇప్పుడు చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాం. బ్యాటరీ, మైకులు, మెరుగు లోహాలు కలిసి కొన్ని ఖరీదైన బ్లూటూత్ హెడ్‌ఫోన్లను 400 గ్రాముల దగ్గరికి తెచ్చాయి. ఆరు గంటలు పెట్టుకునేవాళ్లు 250 గ్రాముల చుట్టుపక్కల ఉండేది వెతుక్కోవాలి. 300 దాటితే పైన బ్యాండు మంచిదై ఉంటేనే ఒప్పుకోవాలి. బ్యాండు అంటే మెత్త ఎంత లావుగా ఉందని కాదు. బరువును నెత్తి మీద వెడల్పుగా పరుస్తుందా, ఒక్క గీత మీద మోపుతుందా అన్నది. నడినెత్తిన జుట్టు పల్చబడినవాళ్లకు ఈ తేడా గంటలోపే తెలిసిపోతుంది.

తరవాత బిగుతు. బరువు తక్కువగా ఉండి బిగుతు ఎక్కువైతే ఇంకా నరకం. హెడ్‌ఫోన్ జారకుండా నిలబడేది రెండు వైపుల నొక్కుడు వల్లే. కొత్తలో అది ఎక్కువగా ఉంటుంది, వాడగా వాడగా కొంత సడలుతుంది. లోపల ఉక్కు పట్టీ ఉన్నవాటిని తల కంటే కొంచెం వెడల్పైన పుస్తకాల కట్టకు రాత్రంతా తొడిగి ఉంచితే సడలడం త్వరగా జరుగుతుంది. ఉత్త ప్లాస్టిక్ బ్యాండుతో ఈ పని చేస్తే మాత్రం ఫటుక్కున విరుగుతుంది.

కళ్లజోడు ఉన్నవాళ్ల బాధ వేరు. కాడ మీద కుషన్ నొక్కుతుంది, కాడ వెళ్లి చెవి పైన ఎముకను నొక్కుతుంది. కాడ దగ్గర కుషన్‌కూ చర్మానికీ మధ్య సందు పడి బేస్ కూడా కారిపోతుంది. ఒకే హెడ్‌ఫోన్‌లో బేస్ బ్రహ్మాండమని ఒకరు, అసలు లేనే లేదని ఇంకొకరు చెప్పడం వెనక చాలాసార్లు ఉన్నది ఈ సందే. సన్నటి లోహపు కాడలు, మెత్తటి కుషన్లు కలిస్తే కొంత నయం.

దిద్దులు పెట్టుకునేవాళ్ల సంగతి రివ్యూలు చేసేవాళ్లకు తట్టను కూడా తట్టదు. చెవి మీద ఆనే చిన్న హెడ్‌ఫోన్ దిద్దును లోపలికి నొక్కితే, వెనకున్న మర చెవి వెనక చర్మంలోకి గుచ్చుకుంటుంది. అరగంటకు చెవి తమ్మె ఎర్రబడుతుంది. బుట్టకమ్మలైతే చెప్పనే అక్కర్లేదు. ఇలాంటివాళ్లకు చెవి మొత్తం లోపల పట్టే పెద్ద కప్పులే గతి. ఆ కప్పు లోపలి లోతు కూడా చూసుకోవాలి. చెవి అంచు లోపలి గట్టి ప్లాస్టిక్‌కు తగులుతుంటే మొదట దురదగా, తరవాత నొప్పిగా మారుతుంది. ఆడియో-టెక్నికా ఎం20ఎక్స్ 190 గ్రాములే తూగుతుంది, 47 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 96. వోల్టు లెక్కలో 109, అంటే ఫోనుకు హాయిగా సరిపోతుంది. కాగితం మీద వంక పెట్టడానికి లేదు. చెవులు కొంచెం పెద్దవో, బయటికి నిక్కినవో అయితే మాత్రం దాని లోతు చాలదు. ఈ సంగతి చెప్పే అంకె ఏ డబ్బా మీదా ఉండదు.

కుషన్ దేనితో చేశారన్నది మన వాతావరణంలో పెద్ద విషయం. తక్కువ ధరలో వచ్చే నల్లటి తోలు కుషన్లు నిజానికి బట్ట మీద పూసిన ప్లాస్టిక్ పొర. చెమట, ఉక్కపోత, తలకు రాసుకున్న కొబ్బరినూనె మూడూ కలిసి ఆ పొరను తినేస్తాయి. విశాఖపట్నం లాంటి తేమ గాలి ఉన్నచోట ఇంకా త్వరగా. ఒకరోజు మెడ మీద నల్లటి పొట్టు కనిపిస్తుంది, అక్కణ్నుంచి రోజూ రాలుతూనే ఉంటుంది. 1991 నుంచి స్టూడియోల్లో తిరుగుతున్న సోనీ ఎండీఆర్-7506కు కూడా ఈ జబ్బు ఉంది. అయినా అది ఇన్నేళ్లు నిలబడిందంటే, దాని కుషన్లు పీకి కొత్తవి తొడగడం రెండు నిమిషాల పని కావడం ఒక కారణం. మఖమల్‌లాంటి వెల్వెట్ కుషన్లు మే నెల ఎండల్లో బతికిస్తాయి, చెమట పీలుస్తాయి, కళ్లజోడుకు అనుకూలం. కానీ నూనె, దుమ్ము పట్టేస్తాయి, అప్పుడప్పుడు ఊడదీసి ఉతకాలి. కాబట్టి కొనే ముందు అడగాల్సిన మాట ఒక్కటే. కుషన్ ఊడుతుందా, కొత్తది విడిగా దొరుకుతుందా? ఈ రెంటికీ అవునని జవాబు రాకపోతే ఆ హెడ్‌ఫోన్ ఆయుష్షు కుషన్ ఆయుష్షంతే.

పైన ఫ్యాను తిరుగుతుంటే

ఎక్కువసేపు వినడానికి వెనకవైపు జాలీ ఉండే ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోన్లే మేలని ఎక్కడ చూసినా కనిపిస్తుంది. గాలి ఆడుతుంది, చెవి ఉడకదు, శబ్దం తల లోపల కాకుండా చుట్టూ ఉన్నట్టు అనిపిస్తుంది. ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500 ఈ కోవలో ఏళ్ల తరబడి పేరు తెచ్చుకున్నది. 32 ఓమ్‌లు, 101 డెసిబెల్స్, అంటే వోల్టుకు 116. యాంప్ ఊసే అక్కర్లేదు. కప్పులు విశాలం, నొక్కుడు తక్కువ, వైరు ఊడదీసి మైకు ఉన్న వైరు పెట్టుకోవచ్చు. లోపమల్లా కుషన్లు తేలిగ్గా మార్చుకునేలా చేయకపోవడం.

అయితే ఈ సలహా ఎక్కువగా వచ్చేది కిటికీలు మూసుకుని నిశ్శబ్దంగా ఉండే చల్లటి దేశాల ఇళ్ల నుంచి. ఇక్కడ ఎండాకాలం నెత్తిమీద ఫ్యాను ఐదో నంబరులో తిరుగుతుంటుంది, పక్కన కూలర్, బయట హారన్లు, వంటింట్లో కుక్కర్ విజిల్. జాలీలోంచి అన్నీ లోపలికొస్తాయి. పోటీ పరీక్షల కోచింగ్‌కు పేరున్న హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, స్టడీ హాల్లో పక్కపక్క కుర్చీల్లో చదువుకునేవాళ్లు ఓపెన్-బ్యాక్ పెట్టుకుంటే క్లాసు పక్కవాళ్లు కూడా వింటారు. గొడవ తప్పదు. ఇలాంటిచోట మూసి ఉండే క్లోజ్డ్ రకమే దిక్కు. చెవులు ఉడికినా సరే, గంటకోసారి తీసి ఆరబెట్టుకోవాలి.

ఇది సౌకర్యం గొడవ ఒక్కటే కాదు. చుట్టూ హోరు ఉంటే తెలియకుండానే వాల్యూమ్ పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు ప్రకారం 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 90 దగ్గర 4 గంటలే. రోజుకు ఆరు గంటల చొప్పున వారంలో ఆరు రోజులు క్లాసులు వినే అభ్యర్థికి 36 గంటలవుతాయి. 80లో ఉంటే హద్దు లోపలే. ఫ్యాను మోత దాటడానికి మూడు డెసిబెల్స్ పెంచితే కోటాకు దాదాపు రెట్టింపు. యాంప్ కొనాలా అని ఆలోచించే మనిషి ఆ డబ్బు బయటి శబ్దం తగ్గించుకోవడానికి పెడితే చెవికి ఎక్కువ మేలు. ఫ్యాను, ఏసీ, బస్సు ఇంజను లాంటి ఏకధాటి హోరును తగ్గించడంలో నాయిస్ క్యాన్సిలింగ్ బాగా పనిచేస్తుంది. మనుషుల మాటలను, కుక్కర్ విజిల్‌ను అంతగా ఆపలేదు. కొందరికి అది ఆన్ చేయగానే లిఫ్టులో పైకి వెళ్తున్నట్టు చెవులు బిగుసుకుంటాయి. అలాంటివాళ్లకు అది పడదు.

చెవిలోపల దూర్చే ఇయర్‌ఫోన్లు చవక, బయటి శబ్దాన్ని బాగా ఆపుతాయి, ఏ ఫోనుకైనా సరిపోతాయి. వెయ్యి రెండు వేలలో ఇప్పుడొస్తున్న వైరు రకాలు ఒకప్పటి ఖరీదైనవాటితో పోటీ పడతాయి. ఎక్కువమంది చేసే పొరపాటు డబ్బాలో ఇచ్చిన మిగతా రబ్బరు మూతలను తీసి చూడకపోవడం. మధ్య సైజు తగిలించి వస్తుంది, అదే చివరిదాకా ఉండిపోతుంది. నొప్పి పెడితే చిన్నది, బేస్ రాకపోతే పెద్దది పెట్టి చూడాలి. కాకపోతే గంటల తరబడి గాలి ఆడక చెవి కాలువ తడితడిగా ఉంటే దురద, ఫంగస్ రావడానికి అనువైన చోటు అవుతుంది. వాటితో ఆరు గంటలు గడిపే ఆలోచన మానుకోవడం మంచిది.

శ, ష, స

అలసట అంతా బరువు వల్లే రాదు. కొన్ని హెడ్‌ఫోన్లలో పై స్థాయి శబ్దాలు, 5 వేల నుంచి 9 వేల హెర్ట్జ్ మధ్యవి, అవసరానికి మించి ఎక్కువ పెట్టి ఉంటాయి. షాపులో అది ఎంతో స్పష్టంగా, మెరుపుగా అనిపిస్తుంది. రెండు గంటల తరవాత అదే కణతల మీద సూదులవుతుంది. పైన చెప్పిన డీటీ 770కి కూడా ఈ విషయంలో పేరుంది, మంచి పేరు కాదు. దీన్ని పట్టుకోవడానికి తెలుగు వార్తల్లో వాతావరణ సూచన చాలు. 'విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో' అన్నప్పుడు శకారం మామూలుగా వినిపిస్తోందా, పాము బుసలా చెవిలోకి దూసుకొస్తోందా? రెండోదైతే ఆ హెడ్‌ఫోన్ పాఠాలకూ ప్రవచనాలకూ పనికిరాదు. మాట వినేవాళ్లకు కావలసింది మధ్య స్థాయి శబ్దం. కింది బేస్ ఎంత దద్దరిల్లితే మాట అంత మసకబారుతుంది.

ధర పెరిగితే ఈ లోపాలు పోతాయన్న నమ్మకమూ లేదు. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలను వాటి ధరల పక్కన పెట్టి చూస్తే, శబ్దం తీరుకూ ధరకూ సంబంధం కనిపించలేదు. ఎక్కువ డబ్బు తెచ్చేది చాలాసార్లు లోహం, తోలు, పేరు. కొంత దూరం వరకు శబ్దాన్ని ఊరికే సరిచేసుకోవచ్చు కూడా. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్, విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ లాంటి యాప్‌లు ఉచితంగా ఉన్నాయి. గుచ్చుకునే చోట 4, 5 డెసిబెల్స్ తగ్గిస్తే మొరటు హెడ్‌ఫోన్ కూడా మర్యాద నేర్చుకుంటుంది. బేస్ పెంచుకోవాలంటే మాత్రం శబ్దం చెదరకుండా మొత్తం వాల్యూమ్‌ను అంతే తగ్గించుకోవాలి. బేస్ 6 పెంచితే మిగులులోంచి 6 పోయినట్టే. వోల్టుకు 110 ఉన్నది 104 అవుతుంది. మొదట వేసుకున్న లెక్కలో ఆ మిగులు ఎందుకు ఉంచుకోవాలో ఇక్కడ తెలుస్తుంది.

వీటన్నిటికీ ఎదురునిలిచే మొండిఘటం ఒకటుంది. అమెరికా కంపెనీ కాస్ 1984లో తెచ్చిన పోర్టా ప్రో. 80 గ్రాముల లోపు బరువు, స్పాంజి కుషన్లు, జుట్టు పీకే సన్నటి రేకు బ్యాండు, చూస్తే ఆటబొమ్మ. 60 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 101. 12 కలిపితే 113, ఏ ఫోనైనా చాలు. చెవి మీద ఆనేదే అయినా కణతల మీద మోపే చిన్న మెత్తలు ఉండటంతో చెవి మీద భారం తగ్గుతుంది. చెమట పట్టదు. స్పాంజి చిరిగితే కొత్తది చవక. బయటి శబ్దాన్ని అసలు ఆపదు, కాబట్టి ఫ్యాను గదిలో, బస్సులో దండగ. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న గదిలో మాత్రం దానికంటే పది రెట్లు ఖరీదైనవి తీసి పక్కన పెట్టి దీన్నే పెట్టుకునేవాళ్లు నలభై ఏళ్లుగా ఉన్నారు.

ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఎన్ని రోజులో, నచ్చకపోతే డబ్బు వెనక్కిస్తారా, వేరే పీస్ ఒక్కటే ఇస్తారా అన్నది ముందే చదువుకోవాలి. వచ్చిన మొదటి ఆదివారమే, కుషన్ల మీది ప్లాస్టిక్ కవరు జాగ్రత్తగా తీసి దాచి, రోజూ పెట్టుకునే కళ్లజోడు, రోజూ ఉండే దిద్దులతో, ఫ్యాను మామూలుగా తిరుగుతుండగా, మూడు గంటల క్లాసో సినిమానో పెట్టుకుని కూర్చోవాలి. పాట వద్దు, పాట బాగుంటే నొప్పి మరిచిపోతాం. మొదటి గంటలో హెడ్‌ఫోన్‌ను ఎన్నిసార్లు సర్దుకున్నామో, మూడో గంటలో ఎన్నిసార్లు సర్దుకున్నామో లెక్కపెట్టుకోవాలి. రెండో అంకె మరీ పెద్దదైతే డబ్బా ఇంకా పారేయలేదు కదా, టేపు వేసి పంపించేయడమే.